పండగ వెంట నడిచిన పదో తరగతి

బండివానిపాలెం ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులు ఎత్తివేయాలన్న మాట మొదటిసారి పైకి వచ్చింది రెండు వేల ఇరవై నాలుగు ఆగస్టులో, చోడవరంలో జరిగిన ప్రధానోపాధ్యాయుల సమావేశంలో. ఆ పాఠశాల కమిటీలో విద్యాభిమాని హోదాలో నేనూ సభ్యుణ్ణి కాబట్టి నాకూ పిలుపు వచ్చింది. ఆ రోజు ఇచ్చిన టీ చల్లారిపోయి ఉందన్న సంగతి ఒక్కటి తప్ప, తక్కిన ప్రతి విషయానికీ నా దగ్గర కాగితం ఉంది.

గోడమీది తెరపై చుట్టుపక్కల పాఠశాలలన్నీ వరసగా కనిపించాయి. ఒక గడిలో పదో తరగతి ఉత్తీర్ణత శాతం. దాని పక్క గడిలో పిల్లల సామాజిక నేపథ్యం: వెనుకబడిన కులాలవారు ఎందరు, దళితులు ఎందరు, గిరిజనులు ఎందరు, కూలి కుటుంబాలు ఎన్ని, ఇంట్లో మొట్టమొదట బడికి వచ్చినవారు ఎందరు. బండివానిపాలెం అన్నిటికంటె అడుగున, ఎర్ర రంగులో ఉంది. ఆ ఏడాది అక్కడ పరీక్ష రాసిన వారిలో సగం మంది కూడా గట్టెక్కలేదు.

పైనుంచి వచ్చిన అధికారి ఆ ఎర్ర గీత దగ్గర ఆగి, ఎంతో సానుభూతితో అన్నాడు: "ఈ గడి చూశాక ఆ గడి చూడక్కర్లేదండి. పిల్లల నేపథ్యం అలాంటిది. టీచర్లని మాత్రం ఏమంటాం?"

వినడానికి జాలిమాటలా ఉన్న ఈ వాక్యంలో ఎంత పొగరు ఉందో ఆ గదిలో చాలామందికి తట్టలేదు. కొందరు తలలు కూడా ఊపారు. చెరకు నరికేవాడి కొడుకు లెక్క తప్పితే కారణం చెరకు. చోడవరం మెయిన్ రోడ్డు మీది ఉద్యోగస్థుడి కొడుకు అదే లెక్క తప్పితే కారణం ఆ రోజు ఒంట్లో నలతగా ఉండటం. ఈ న్యాయం నేను ముప్పై ఆరేళ్ల బడిపంతులు ఉద్యోగంలో చూస్తూనే వచ్చాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక మనిషి లేచింది. పేరు సంధ్యారాణి. జూన్‌లోనే బండివానిపాలానికి బదిలీ మీద వచ్చిన లెక్కల టీచరు. హెడ్మాస్టరు పోస్టు కూడా ఖాళీగా ఉండటంతో ఆ బాధ్యతా ఆవిడ మీదే పడింది.

"సార్, ఇందులో ఒక గడి లేదండి," అంది.

"ఏ గడమ్మా?"

"ఏ స్కూల్లో లెక్కల పోస్టు ఎన్నేళ్ల నుంచి ఖాళీగా ఉందో, ఆ గడండి."

గదిలో నవ్వు లేచింది. అధికారి నవ్వలేదు. "ఇప్పుడు మీరు వచ్చారు కదా!"

"నేను వచ్చి రెండు నెలలైందండి. పిల్లలు పరీక్ష రాసింది మార్చిలో."

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. ఆ నవ్వే కొంప ముంచిందని నా అభిప్రాయం. అధికారులకు లెక్క తప్పితే బాధ ఉండదు, నలుగురిలో నవ్వులపాలైతే ఉంటుంది. వెంటనే నిర్ణయం ప్రకటించాడు. వచ్చే మార్చి ఫలితాల దాకా చూస్తారు. అప్పటికీ బండివానిపాలెం మండల సగటును అందుకోకపోతే, జూన్ నుంచి తొమ్మిది, పది తరగతులు చోడవరంలో కలిపేస్తారు. ఊళ్లో ఎనిమిది దాకానే ఉంటుంది. ఈ మాట సమావేశపు మినిట్సులో ఎక్కింది. దాని నకలు అడిగి తీసుకున్నాను.

సంధ్యారాణి అడిగిన గడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆ పాఠశాలను ఉన్నత పాఠశాలగా పెంచిన నాటి నుంచి వచ్చిన పదో తరగతి ఫలితాలన్నీ నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. లెక్కలకు, ఇంగ్లీషుకు మాస్టర్లు ఉన్న ఏళ్లలో అదే ఊరి పిల్లలు, అవే కులాలవారు, అవే కూలి ఇళ్లవారు మండలంలో మూడో స్థానంలో, నాలుగో స్థానంలో నిలిచారు. పోస్టులు ఖాళీ అయిన ఏళ్లలో కింద పడ్డారు. ఇందులో రహస్యమేమీ లేదు. ఈ లెక్కలన్నీ ప్రభుత్వం దగ్గరా ఉన్నాయి. అక్కడ ఉండి ఏం లాభం, అడిగేవాడు ఉండాలి గదా.

బండివానిపాలెం నుంచి చోడవరానికి ఏడు కిలోమీటర్లు. అదేమంత పెద్ద దూరమా అని పట్నంలో కూర్చున్నవారికి అనిపించవచ్చు. ఆ రోడ్డు చూసినవారికి అనిపించదు. డిసెంబరు నుంచి మార్చి దాకా దానిమీద చెరకు లోడు లారీలు, ట్రాక్టర్లు పక్కలకు వేలాడే గడలతో ఊగుతూ పోతాయి. షేరాటోలో పది మందిని కుక్కి, పదకొండోవాణ్ణి డ్రైవరు పక్కన అంచున కూర్చోబెడతారు. ఆ ఊళ్లో ఎనిమిదో తరగతి చదువుతున్న ఆడపిల్లల తల్లిదండ్రులను పాఠశాల కమిటీ అడిగితే, తరగతులు చోడవరం పోతే పంపిస్తామన్నవారు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది.

ఆ పంపించనన్నవారిలో కమిటీ చైర్మన్ పరదేశి ఒకడు. రెండెకరాల చెరకు రైతు. అతని కూతురు చిన్నారి అప్పుడు ఎనిమిదో తరగతి. "మేడమ్, నాకు బడంటే పేణం. కానీ ఆ లారీల మజ్జిన ఆటోలో గుంటని పంపలేను. మానిపించేస్తాను. తప్పో ఒప్పో, సెప్పేత్తన్నాను," అని సమావేశం మర్నాడే సంధ్యారాణితో తేల్చి చెప్పేశాడు.

ఈ మాట ఆవిడకు ఎంత లోతుగా తగిలిందో తెలియాలంటే ఆవిడ పుట్టిన ఊరు తెలియాలి.

దేవరాపల్లి అవతల, రైవాడ జలాశయం నీళ్లు పారే పల్లె. తండ్రికి కాస్త వరి, కాస్త చెరకు. అక్క మంగాయమ్మకు లెక్కలు నోటి చివర ఉండేవి. చెల్లెలికి కూడికలు నేర్పింది ఆ అక్కే. కానీ ఊళ్లో ఏడో తరగతి దాకానే ఉండేది. పెద్ద బడికి పోవాలంటే కాలవ గట్టు మీద నిర్మానుష్యమైన దారి. మంగాయమ్మ చదువు ఏడుతో ఆగింది. రెండేళ్లకు సంధ్యారాణి వంతు వచ్చింది. అప్పుడు వాళ్ల నాయనమ్మ సన్యాసమ్మ ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. తెల్లారగానే ఇంట్లోని గేదెలను విప్పి, "పదవే," అని మనవరాలిని ముందు నడిపించి, ఆ గట్టు మీదనే మేపడం మొదలుపెట్టింది. బడి గంట కొట్టేసరికి గేదెలు బడి దగ్గర, సాయంత్రం బడి వదిలేసరికి మళ్లీ అక్కడే. పదో తరగతి పూర్తయ్యేదాకా అలాగే సాగింది. తోటి పిల్లలు "గేదెల స్కూలు వచ్చిందిరోయ్" అని ఏడిపించేవారట. "ఏడిపిస్తే ఏడిపించేరు మాస్టారూ, మా గేదెలకి మాత్రం గడ్డి బాగా దొరికింది," అని ఆవిడ నాతో నవ్వుతూ చెప్పింది. ఆ తరువాత డిగ్రీ, బీఎడ్, డీఎస్సీ, మన్యంలో పదేళ్ల ఉద్యోగం. ఇవన్నీ ఆవిడ సొంత కష్టం.

పదో తరగతిలో ముప్పై ఒక్క మంది ఉన్నారు. అశ్విని అనే అమ్మాయి లాంటి చురుకైనవారు అయిదారుగురు. తక్కినవారిలో చాలామందికి భిన్నాలే రావు. సంధ్యారాణి ఆగస్టులో ఆరో తరగతి లెక్కలతో మొదలుపెట్టింది. పదో తరగతి పిల్లలు నామోషీ పడ్డారు. "ఏటి మేడమ్, ఇవి మా తమ్ముడు సేసే లెక్కలు," అన్నాడు హరిబాబు అనే కుర్రాడు. "అయితే మీ తమ్ముణ్ణి పిలు, నీకు చెప్తాడు," అంది ఆవిడ. క్రిస్మస్ సెలవుల నాటికి తరగతి మొత్తం వర్గ సమీకరణాల దాకా వచ్చింది.

అంతా బాగానే ఉందనుకుంటున్న సమయంలో గౌరీపరమేశ్వరుల పండగలు వచ్చాయి.

మా ప్రాంతం కానివారి కోసం చెబుతున్నాను. చోడవరం చుట్టూ ప్రతి ఊరూ గౌరీపరమేశ్వరులను నిలబెట్టి పూజించి, తమకు వీలైన రోజున ఊరేగించి సాగనంపుతుంది. దాన్ని అనుపు అంటారు. ఒక్కో ఊరి అనుపు ఒక్కో రోజు. ఈ వారం మా ఊళ్లో అయితే వచ్చే వారం మా అత్తగారి ఊళ్లో, ఆపై వారం మేనమామ ఊళ్లో. పిలిస్తే వెళ్లకపోవడం చుట్టరికాన్ని తెంచుకోవడం కింద లెక్క. అందుకని జనవరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా పిల్లలు ఈ ఊరి నుంచి ఆ ఊరికి ప్రవాహంలా తిరుగుతూనే ఉంటారు. పదో తరగతికి అసలైన పునశ్చరణ జరగవలసిన రోజులూ అవే.

బండివానిపాలెం అనుపు జనవరి ఆఖరి వారంలో జరిగింది. ఆ రోజు స్థానిక సెలవు ఇచ్చారు. చిక్కు మర్నాడు వచ్చింది. అనుపు మర్నాడు ఊళ్లో ప్రతి ఇంటా కోడి కూర, ప్రతి ఇంటినిండా చుట్టాలు. పాఠశాల తెరిచే ఉంది. పదో తరగతిలో నలుగురే ఉన్నారు. సంధ్యారాణి ఆ నలుగురికే హాజరు వేసి పాఠం మొదలుపెట్టింది. పదిన్నరకు ఊరి మొగలో అధికారి కారు కనిపించింది.

ఆ కారును మొదట చూసినవాడు పరదేశి. బడి ఖాళీగా కనిపిస్తే ఊరి పరువు పోతుందని అతనికి తోచింది. ఆ వెంటనే ఒక ఉపాయమూ తోచింది. చేతికి కూర మసాలా ఉండగానే వీధివెంట పరుగెత్తుతూ, "లెగండ్రా, లెగండి! బడి పరువు పోతంది! యూనిఫారం లేపోతే పోయింది, లెగండి!" అని కేకలేస్తూ, కాస్త ఎత్తున్న పిల్లల్నందరినీ ఇళ్లలోంచి లాగి, వెనక గేటు గుండా తరగతిలోకి తోలేశాడు. సంధ్యారాణి అధికారిని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి తిరిగి వచ్చేసరికి బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఆవిడ నోరు తెరిచేలోగా అధికారి వెనకే వచ్చేశాడు.

మొదటి బెంచీలోని కుర్రాణ్ణి లేపాడు. "నీ పేరేంటి బాబూ?"

"బాలు అండి."

"పైథాగరస్ సిద్ధాంతం చెప్పు."

"మాకింకా అవ్వలేదండి. నైన్త్ అండి నేను."

"ఇది టెన్త్ కదా?"

కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడ్డ పరదేశి వైపు చూశాడు. "మావయ్య కూకోమన్నాడండి."

"ఏ ఊరు మీది?"

"గాజువాకండి. పండక్కొచ్చేం."

పక్కనున్న పిల్లది అనకాపల్లి. ఆ పక్కవాడు ఇంటర్మీడియట్. వెనక బెంచీలో మీసం ఉన్నవాడొకడు అధికారి తన దాకా రాకముందే లేచి, "నేను డిగ్రీ అయిపోయిందండి," అని తనే చెప్పేసి బయటకు నడిచాడు.

అధికారి ముఖం జేవురించింది. "బోగస్ హాజరు! పిల్లల్ని అద్దెకు తెచ్చి నాకు చూపిస్తున్నారా?"

సంధ్యారాణి హాజరు పట్టీ తీసి చేతికిచ్చింది. "చూడండి సార్. నేను వేసింది నలుగురికే."

పట్టీ నిజాయితీగానే ఉంది. అది అతను కాదనలేకపోయాడు. "మరి మీ కమిటీ చైర్మన్ చేసిందేమిటి?" అన్నాడు.

"తప్పేనండి," అన్నాడు పరదేశి, మసాలా చెయ్యి వెనక దాచుకుంటూ. "ఇంటికి చుట్టం వచ్చినప్పుడు కుర్చీలు సాలకపోతే పక్కింట్లోంచి తెచ్చి ఏస్తాం కదండి. అలాగే అనుకున్నాను బాబూ."

నేను ఆ మధ్యాహ్నం విషయం తెలిసి వెళ్లేసరికి అధికారి ఇంకా అక్కడే ఉన్నాడు. మార్చి దాకా ఆగేది లేదనీ, ఇప్పుడే విలీనానికి రాసి పంపుతాననీ అంటున్నాడు. సంధ్యారాణి గొంతు పెంచలేదు. "మార్చి ఫలితం చూసి నిర్ణయిస్తామని మీరే అన్నారు సార్. అది మినిట్సులో ఉంది," అంది.

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుంటూ అన్నాడు: "సరే. అయితే సగటు గిగటు కాదు. ఇలాంటి నాటకం ఆడిన స్కూలుకి సగటు చాలదు. ముప్పై ఒక్క మందిలో ఒక్కరు తప్పినా జూన్‌లో తరగతులు ఉండవు. ఒప్పుకుంటారా?"

ఒప్పుకోవద్దని నేను సైగ చేశాను. మండలంలో ఏ పెద్ద పాఠశాలకూ లేని షరతు అది, శుద్ధ అన్యాయం.

"ఒప్పుకున్నానండి," అంది సంధ్యారాణి. "ఆ మాట రాసి సంతకం పెట్టండి."

పెట్టాడు. ఆ కాగితం నకలు కూడా నా దగ్గర ఉంది.

కారు కదిలిపోయాక పరదేశి మెట్లమీద కూలబడ్డాడు. "నా కూతురు సదువు నా సేత్తోనే తీసేసేను మేడమ్," అన్నాడు.

"ఏడుపు తర్వాత ఏడుద్దురుగాని," అంది ఆవిడ. "ముందు ఇది చెప్పండి. ఫిబ్రవరిలో ఏ రోజు ఏ ఊళ్లో అనుపో మొత్తం తెలిసినవాడు ఎవడు?"

పరదేశి కళ్లు తుడుచుకుని ఆలోచించాడు. "లైటింగు శివాజీ."

చోడవరంలో శివాజీకి సౌండు, లైటింగు షాపు ఉంది. చుట్టుపక్కల ఏ ఊళ్లో అనుపు జరిగినా సీరియల్ బల్బుల తోరణాలు కట్టేది అతనే. ఏ ఊరు ఏ తేదీకి అతన్ని పిలిచిందో అదే మా ప్రాంతపు పంచాంగం. సంధ్యారాణి ఆ సాయంత్రమే షాపుకు వెళ్లింది. నన్నూ పరదేశినీ వెంట తీసుకెళ్లింది. శివాజీ చిక్కుపడ్డ వైర్లు విప్పుకుంటూనే ఫిబ్రవరి అంతా నోటితో చెప్పేశాడు. రోలుగుంట వైపు ఇన్ని ఊళ్లు, రావికమతం వైపు ఇన్ని, ఆదివారం ఎక్కడ, బుధవారం ఎక్కడ.

"ఎందుకు మేడమ్? తిరణాలలో కొట్టు ఎడతారా ఏటి?" అని అడిగాడు.

"క్లాసు పెడతాను. నా పిల్లలు ఏ ఊరి పండక్కి పోతే ఆ ఊళ్లో, పొద్దున్నే."

శివాజీ వైరు కింద పెట్టేశాడు. "అబ్బో! అయితే ఏ ప్లస్ బి హోల్ స్క్వేరు బల్బులతో కట్టించేస్తాను మేడమ్. ఎరుపు, పచ్చ మార్చి మార్చి ఎలుగుతాది!"

"వద్దులే బాబూ. కింద పరవడానికి ఒక పట్టా, రెండు ట్యూబులైట్లు ఇయ్యి చాలు."

అలా మొదలైంది. బడి ఉన్న రోజుల్లో తెల్లవారుజామునే క్లాసు నడిపి, బండివానిపాలెంలో ఉన్నవారి కోసం బడివేళకు తిరిగి వచ్చేసేది. ఆదివారాల్లో, సెలవుల్లో మధ్యాహ్న భోజనాల దాకా పండగ ఊళ్లోనే. పంచాయతీ కార్యాలయం వరండా ఒకచోట, రామకోవెల మంటపం ఒకచోట, పాకం దింపేసిన బెల్లం గానుగ దగ్గరి పాక ఒకచోట. మొదటి ఊళ్లో పిల్లల బంధువులు ఆవిడ పండగకు వచ్చిన చుట్టమనుకుని బూరెలు పెట్టారు. సుద్దముక్క తీయగానే తెల్లబోయారు.

"పండక్కొచ్చి పుస్తకాలేటే?" అని అశ్విని మేనత్త మేనకోడలిని నిలదీసింది. అశ్విని తల ఎత్తకుండానే, "బూరెలు తింటూ సదువుతన్నాను కదత్తా, రెండూ అవుతన్నాయి," అంది. మూడో ఊరు వచ్చేసరికి అదే మేనత్త తన ఇద్దరు పిల్లలనూ తెచ్చి, "వీళ్లనీ ఓ మూల కూకోబెట్టండి మేడమ్. ఏలకేలు ఫీజు కడతన్నాం గానీ ఈ లెక్క వీళ్లకి రాదు," అని అప్పగించింది.

అందరిలోకీ బెంగ పెట్టినవాడు హరిబాబు. వాడు పులివేషం కడతాడు. మా దగ్గర అనుపు ఊరేగింపులో వీధివెంట నడుస్తూ ఆడే నేలవేషాలు తప్పనిసరి. పులి లేని ఊరేగింపును ఊరు ఊరేగింపుగా లెక్కపెట్టదు. హరిబాబు పులిగా దుమికితే పిల్లలు నిజంగా జడుసుకుంటారు కనుక ఏ ఊరివారైనా వాడినే అడిగేవారు. వాడు క్లాసుకు వచ్చేవాడు కాదు. పొద్దుటి నుంచీ ఒంటికి రంగు వేయించుకుంటూ ఉండేవాడు. వేషం మానమని సంధ్యారాణి ఒక్కసారి కూడా అనలేదు. పులికి రంగు వేసేచోటికే వెళ్లింది.

పసుపు పూత వేశాక నల్లచారలు దిద్దేలోగా, చారలు దిద్దాక మీసాలు పెట్టేలోగా, రంగు ఆరేదాకా పులి కదలకూడదు. కూర్చోకూడదు, చేతులు దించకూడదు. రంగు వేసే పెద్దాయన ఈ నియమం మీద చాలా కఠినంగా ఉంటాడు. సంధ్యారాణికి కావలసిందీ అంతే. వర్గ సమీకరణం రాసిన పలక వాడి ముఖం ముందు పట్టుకుంది.

"ఎటూ పారిపోలేవు కదా. చెప్పు. దీని విచక్షణి ఎంత?"

"మేడమ్, సేతులు ఎత్తి ఉన్నాయి. ఎలా సెయ్యను?"

"నోటితో చెయ్యి. చారలు ఆరిపోయేలోగా మూడు లెక్కలు."

"పులి లెక్కలు సేత్తందిరోయ్!" అని చుట్టూ చేరిన జనం గోల చేశారు. రంగులాయన కుంచె పట్టుకుని విసుక్కున్నాడు. "ఒరే, తల ఊపకు. మీసం వంకరపోతాది. అమ్మా, అంత కష్టమైనవి అడక్కండి, గుంటడికి చెమట పడతంది. రంగు కారిపోతాది." కాని రెండు ఊళ్లు గడిచాక ఆ పెద్దాయనే, "ఒరే, నిన్నటి మెథడే కదరా, ఎక్కం మర్చిపోయేవు," అని కుంచెతో వీపు మీద పొడిచేవాడు.

మంచి పని జరిగినచోట ఫిర్యాదు పుడుతుంది. ఎవరో పైకి రాశారు, అనుమతి లేకుండా తిరణాలల్లో తరగతులు నడుపుతున్నారని. వివరణ కోరుతూ మెమో వచ్చింది. పెద్ద సమాధానం రాద్దామని నేను నాలుగు పేజీల చిత్తు సిద్ధం చేశాను. సంధ్యారాణి అది గౌరవంగా చదివి పక్కన పెట్టి, ఒక్క వాక్యం రాసి పంపింది: "విద్యార్థులు ఉన్న చోట తరగతి నిర్వహించితిని." దానికి తిరుగు జవాబు రాలేదు.

ఫిబ్రవరి నడిమికి ఆ వరండాల్లో అరవై మంది దాకా కూర్చుంటున్నారు. రోలుగుంట పల్లెల పిల్లలు, రావికమతం పిల్లలు, పసుపు బస్సుల్లో కాన్వెంటుకు వెళ్లే పిల్లలు, కూలికి వచ్చిన వారి పిల్లలు, చోడవరంలో మా పెద్దవీధి గుమస్తాగారి మనవడు. ఏ గడిలో ఎవరిని వేయాలో ఆ అధికారికైనా తెలిసేది కాదు. ఒకే పట్టా మీద, ఒకే లెక్క దగ్గర, అందరూ ఒకేలా తలలు గోక్కున్నారు. నేపథ్యం అంటే ఏమిటో చూడదలచినవారు అక్కడికి వచ్చి చూడవలసింది. ఎవరూ రాలేదు.

మార్చిలో పరీక్షల కేంద్రం చోడవరంలో పడింది. అనుపుల పని అయిపోయిన శివాజీ తన లైటింగు సామాను మోసే వ్యాను ఖాళీ చేసి, దానికి పక్కలు కట్టించి, ముప్పై ఒక్క మందినీ రోజూ తనే తీసుకెళ్లాడు. లెక్కల పరీక్ష నాడు హరిబాబు బయటకు వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. సంధ్యారాణి అడగలేదు. తక్కిన పరీక్షలు ఉన్నాయి, అడిగి లాభం లేదు. కాని ఆ నెల రోజులూ ఆవిడ సరిగా నిద్రపోలేదని ముఖం చూస్తే తెలిసేది. ఒక్క కుర్రాడి లెక్కల పేపరు మీద ఊరి ఆడపిల్లల చదువు వేలాడుతోంది. ఆ షరతుకు ఒప్పుకున్నది తనే.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చిన పూట ఊరంతా పాఠశాల ఆవరణలోనే ఉంది. సంధ్యారాణి ఫోనులో ఒక్కొక్క నంబరే కొడుతోంది. వేపచెట్టు కింద పిల్లలు నిలబడ్డారు. వాళ్ల వెనక తల్లిదండ్రులు.

"అశ్విని. పాస్. ఐదొందల డెబ్బై రెండు."

కేకలు మిన్నంటాయి. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. పాస్. పాస్. పాస్. ఇరవై దాటేసరికి ఎవరూ కేకలు వేయడం లేదు. అందరూ లెక్కపెట్టుకుంటున్నారు. ముప్పై అయ్యాయి.

చివరి నంబరుకు ఫోను తెరుచుకోలేదు. చక్రం తిరుగుతూనే ఉంది.

"మేడమ్, నా ఫోన్లో సూడండి," "ఇది ఫైవ్‌జీ మేడమ్," అంటూ నాలుగు ఫోన్లు ముందుకు వచ్చాయి. హరిబాబు చెట్టు చాటుకు పోయాడు. "ఒరే పులీ, బయటికి రారా!" అని ఎవరో అరిచారు. ఎవరూ నవ్వలేదు.

పరదేశి తన చేతులు రెండూ తల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

ఫోను తెరుచుకుంది. సంధ్యారాణి చదివింది. మళ్లీ చదివింది. ఫోను నా చేతికి ఇచ్చేసింది. పైకి చదివే గౌరవం నాకు దక్కింది.

"హరిబాబు. లెక్కలు నలభై ఒకటి. పాస్. అందరూ పాస్."

ఆ తరువాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. తల్లులు సంధ్యారాణిని చుట్టేశారు. ఎవరో బెల్లం ముక్కలు పంచారు. హరిబాబును నలుగురు కుర్రాళ్లు ఎత్తేశారు. వాడు గాలిలోనే, "మేడమ్, విచక్షణే వచ్చింది! రెండు మార్కులది! అదే సేసేను!" అని అరుస్తున్నాడు. పరదేశి మాత్రం కదలకుండా నిలబడి, "ఇప్పుడు తియ్యమను. ఇప్పుడు తియ్యమను సూద్దాం," అని తనలో తను అనుకుంటున్నాడు.

మండలంలో ఆ ఏడాది నూటికి నూరు శాతం సాధించిన ప్రభుత్వ పాఠశాల బండివానిపాలెం ఒక్కటే. అధికారి సాయంత్రం ఫోను చేశాడు. అభినందించాడు. తరగతుల విషయం మరి ఆలోచించనక్కర్లేదు, నిశ్చింతగా ఉండమన్నాడు.

"చాలా సంతోషం సార్," అంది సంధ్యారాణి. "అదే మాట కాగితం మీద ఇప్పించండి."

"నా మాట మీద నమ్మకం లేదామ్మా?"

"ఉందండి. మీకు బదిలీ అయితే మీ తర్వాత వచ్చినవారికి చూపించాలి కదండీ."

మే నెలలో కాగితం వచ్చింది. తొమ్మిది, పది తరగతులు బండివానిపాలెంలోనే కొనసాగుతాయి. ఇంగ్లీషు పోస్టు భర్తీకి కూడా సిఫారసు చేశారు. ఒక అధికారి తన మాట వెనక్కి తీసుకుని సంతకం పెట్టడం నా జీవితంలో రెండోసారి చూశాను. మొదటిది చాలా పాత కథ, ఇక్కడ అనవసరం.

జూన్‌లో బడి తెరిచిన నాడు నేను వెళ్లేసరికి ఆఫీసు గది ముందు వరస ఉంది. పసుపు బస్సుల నుంచి మానిపించి తెచ్చినవారు, రోలుగుంట పల్లెల నుంచి చుట్టాల ఇంట్లో ఉంచి చదివిస్తామని వచ్చినవారు. ఒక తల్లి గుమ్మంలోనే అడుగుతోంది: "పులికి లెక్కలు నేర్పిన మేడమ్ ఈవిడేనా అండి?"

తొమ్మిదో తరగతిలో బెంచీలు చాలక ఎనిమిదో తరగతి గదిలోంచి రెండు మోసుకొచ్చారు. సంధ్యారాణి అడ్మిషన్ల పని మరొక టీచరుకు అప్పగించి తరగతిలోకి వెళ్లింది. చిన్నారి రెండో వరసలో, కొత్త పుస్తకానికి అట్ట వేసుకుంటూ ఉంది. బయట కిటికీ దగ్గర పరదేశి నిలబడి ఉన్నాడు. పొలానికి పోయే మనిషి, భుజాన పార.

"ఏం పరదేశి గారూ, ఇంకా వెళ్లలేదా?" అంది సంధ్యారాణి.

"ఎల్తాను మేడమ్."

"అమ్మాయికి ఏమైనా చెప్పాలా?"

"సెప్పడానికేటీ లేదు. కూకుంది కదా. సూస్తన్నాను."

చిన్నారికి సిగ్గు ముంచుకొచ్చింది. "నాన్నా, ఎల్లు! అందరూ సూత్తన్నారు," అని పళ్లు బిగించి గుసగుసలాడింది. తరగతి కిలకిలా నవ్వింది. పరదేశి కదల్లేదు.

సంధ్యారాణి సుద్దముక్క చేతిలోకి తీసుకుని, "ఉండనీండి," అంది. "చిన్నారీ, నువ్వే రా. మొదటి లెక్క నీది."